కోటా నుంచి తెచ్చిన కోడలు

వంటింట్లోంచి టిక్కు టిక్కుమని గ్యాస్ లైటర్ చప్పుడు వినబడగానే, పూజగదిలో పసుపు కలుపుతున్న చంద్రకాంతకి పైప్రాణాలు పైనే పోయాయి. ఏడాదికి ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ఆ ఊళ్ళో ఏ ఇంటా పొయ్యి వెలగకూడదు. హోలీ వెళ్ళిన ఎనిమిదోనాడు వచ్చే బాసోడా అది. ముందురోజు వండిన చద్ది తిండే శీతలా మాతకి నైవేద్యం, ఇంటిల్లిపాదికీ అదే భోజనం. ఆవేళ నిప్పు రాజేస్తే అమ్మవారి ఒంటిమీద రాజేసినట్టేనని పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది.

"కోమల్! కొంప ముంచావు కదే! బాసోడా నాడు పొయ్యి ముట్టిస్తారుటే? మీ అమ్మ నీకు ఇంతమాత్రం కూడా నేర్పలేదా?" అని అరుస్తూ పసుపు చేతులతోనే పరుగెత్తింది.

పొయ్యి దగ్గర నిలబడ్డది కోడలు కాదు, మొగుడు. గిరధారీ లాల్ ఒక చేతిలో లైటరు, ఇంకో చేతిలో టీ గిన్నె పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"మర్చిపోయానే. నలభై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది," అన్నాడు నసుగుతూ. "అయినా వెలగలేదులే. సిలిండర్ అయిపోయినట్టుంది."

"అయిపోలేదు పాపాజీ. నేనే రాత్రి రెగ్యులేటర్ కట్టేశాను," అంది గుమ్మంలోంచి కోమల్. తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉంది. "పొయ్యి మీద పసుపుతో స్వస్తిక్ కూడా వేశాను, చూడలేదా?"

చంద్రకాంత చూసింది. పొయ్యి శుభ్రంగా కడిగి ఉంది. నడుమ స్వస్తిక్, దానిమీద చిటికెడు బియ్యం, పక్కన నానబెట్టిన పెసల గిన్నె. ప్రతి ఏడూ తను చేసే పని అది. ఈసారి ఏదో ధ్యాసలో పడి తనే మర్చిపోయింది. నిష్కారణంగా కోడలి తల్లిని తిట్టినందుకు తప్పయిందని ఒక మాట అనాల్సింది. పెసల గిన్నెని అటూ ఇటూ జరిపి ఊరుకుంది.

"మావాళ్ళల్లో అయితే ఈ ఎనిమిది రోజులూ ఆవం కూడా కాల్చరు మమ్మీజీ. కుండలన్నీ పచ్చివే ఆరుతూ ఉంటాయి. మా నానీ ఏం చేసేదంటే..."

"ష్!" చంద్రకాంత గబుక్కున కిటికీ తలుపు మూసింది. ఎదురుగా వీధికంతా పిన్ని వరసైన బిర్దీ కాకీ ఇంటి అరుగు. ఆవిడ చెవిన పడిన మాట మధ్యాహ్నానికల్లా ఊరు దాటిపోతుంది. "ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఆవం, కుండలు, నానీ... ఆ మాటలు ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పానా లేదా?"

గిరధారీ లాల్ టీ గిన్నెని చప్పుడు కాకుండా స్టాండులో పెట్టేసి దొడ్డివైపు తప్పుకున్నాడు.

అసలు సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. కొడుకు దీపేశ్ జైపూర్‌లో ఉద్యోగం చేస్తూ, తనతోపాటు పనిచేసే కోమల్‌ని ఇష్టపడ్డాడు. వాడేం విషం తాగుతానని బెదిరించలేదు, అన్నం మానెయ్యలేదు. "చేసుకుంటే ఈ అమ్మాయినే, లేకపోతే లేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. అమ్మాయి వాళ్ళు ప్రజాపత్‌లు. అంటే కుమ్మర్లు. తండ్రి కోటాలో రైల్వే పనివాడు. నెలరోజులు ఏడ్చి, ఏడవలేక చంద్రకాంత ఒప్పుకుంది, కాకపోతే ఒక్క షరతు మీద. పెళ్ళి జైపూర్‌లో రిజిస్టరు ఆఫీసులో జరగాలి. వీధిలో మాత్రం "కోటాలో మనవాళ్ళే, ధాన్యం వ్యాపారం" అని చెప్పుకోవాలి.

దీపావళి తరవాత దీపేశ్‌కి ఊరికి బదిలీ అయ్యాక రెండో పిడుగు పడింది. కోమల్ నానీ, అంటే అమ్మమ్మ, ఇంకెవరో కాదు, ఊరి చివర శీతలా మాత గద్దె దగ్గర కూర్చునే నాథీ. అమ్మవారికి పూజారులు బ్రాహ్మలు కారు, కుమ్మర్లే. ఏటా బాసోడా నాడు ఊళ్ళో ఆడవాళ్ళందరూ నైవేద్యం తెచ్చి నాథీ బుట్టలో వేసి, ఆమె కాళ్ళకి మొక్కి వెళ్ళాల్సిందే. ముప్పై రెండేళ్ళుగా చంద్రకాంతా మొక్కుతోంది.

ఆ సంగతి తెలిసిన మర్నాడే ఆమె ఒంటరిగా కుమ్మరివాడకి వెళ్ళింది. వాకిట్లోనే నిలబడి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూస్తూ, చెప్పాల్సింది చెప్పింది. నాథీ మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంతా విన్నది. "పిల్ల సుఖంగా ఉంటే చాలు సేఠాణీజీ. ఆ ఇంట్లో నాకు మనవరాలు లేదనుకుంటాను" అని, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చంద్రకాంత "ఇప్పుడే టీ తాగి వచ్చాను" అని ముట్టుకోకుండా వచ్చేసింది. అప్పటినుంచి నాలుగు నెలలు. పదినిమిషాల నడక దూరంలో ఉన్న అమ్మమ్మని కోమల్ ఒక్కసారి కూడా చూడలేదు.

ఇవాళ చూడక తప్పదు. కొత్త కోడలు తొలి బాసోడాకి తన చేత్తోనే పళ్ళెం పట్టుకెళ్ళాలి.

పళ్ళెంలో రాబ్డి అనే సజ్జ జావ గిన్నె, పెరుగన్నం, పూరీలు, తీపి పువాలు, నానిన పెసలు సర్దుతూ చంద్రకాంత పాఠం చెప్పినట్టు చెప్పింది. "నా వెనకాలే నిలబడు. ముసుగు కిందికి లాక్కో. అందరూ ఏం చేస్తే అదే చెయ్యి. ఎవరైనా అడిగితే కోటా. అంతకుమించి ఒక్క ముక్క వద్దు."

"నానీ అడిగితే?"

"ఆవిడెందుకు అడుగుతుంది? ఆవిడకి తెలుసుగా."

"తెలిసీ ఊరుకుంటుంది మమ్మీజీ. అదే నాకు..." కోమల్ పిండితో ప్రమిద చేస్తోంది. ఆ రోజు దీపాలు పెడతారు గానీ వెలిగించరు. ప్రమిద అంచు చేతిలో నలిగిపోయింది. "నేను కాళ్ళు ముట్టుకుంటే ఆమె నన్ను ముట్టుకోకూడదా? తల నిమరకూడదా? ఊరందరి కోడళ్ళనీ నిమురుతుందిగా!"

"అందర్నీ నిమిరినట్టే నిన్నూ నిమురుతుంది. అంతవరకే. ఎక్కువ చెయ్యొద్దు."

దీపేశ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు. కోమల్ వాడి వైపు తిరిగింది. "నువ్వైనా ఒక మాట చెప్పు. మా నానీని నానీ అనడానికి నాకు ఎవరి అనుమతి కావాలి?"

వాడు తల్లి ముఖం చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు, చివరికి ఫోను చూసుకున్నాడు. "ఇవాళ పండగ కదా. ఈ ఒక్కరోజూ గడిచిపోనీ కోమల్. తరవాత మాట్లాడదాం."

"నాలుగు నెలలుగా అదే మాట," అంది కోమల్. ఇంకేమీ అనకుండా పళ్ళెం మీద ఎర్రగుడ్డ కప్పింది.

గద్దె చుట్టూ అప్పటికే ఆడవాళ్ళు తిరునాళ్ళలా ఉన్నారు. వేపచెట్టు కింద పసుపు పూసిన ఏడు రాళ్ళు. పక్కన కుండలో చల్లటి నీళ్ళు, ఒక చీపురు. అమ్మవారి వాహనమైన గాడిద ఒకటి దూరంగా కట్టేసి ఉంది, వచ్చిన వాళ్ళందరూ దానికో పూరీ పెడుతున్నారు. రాళ్ళకి ఎడమపక్కన చాపమీద నాథీ. డెబ్బై దాటిన మనిషి, కాళ్ళకి వెండి కడియాలు, మడమల పగుళ్ళలో ఇరుక్కున్న మట్టి ఎన్ని నీళ్ళు పోసినా వదలనట్టుగా ఉంది.

"ఇదిగో కోటా కోడలొచ్చింది! జరగండర్రా, కొత్త కోడలు ముందు!" బిర్దీ కాకీ గొంతు. "ఏమ్మా చంద్రా, అంత ముసుగు వేయించావేం? ఎవరైనా ఎత్తుకుపోతారనా?"

అందరూ నవ్వారు. కోమల్ ముందుకెళ్ళి పళ్ళెం దించింది. నాథీ తలెత్తి చూసింది. చూసి, ఒక్క క్షణం ఆగి, అందర్నీ అడిగినట్టే అడిగింది.

"ఎవరి కోడలమ్మా ఈ పిల్ల? ఏ ఊరు?"

చంద్రకాంతే అందుకుంది. "మా దీపేశ్ పెళ్ళాం నాథీ. కోటా."

"దూరమే." నాథీ గొంతు మామూలుగానే ఉంది. పసుపునీళ్ళు ముంచి ముసుగు మీద చల్లింది, చల్లిందే మళ్ళీ చల్లింది. "అంతదూరం నుంచి వచ్చావా తల్లీ? ఇక్కడ నీకు నా అనేవాళ్ళెవరూ లేరేమో. పోన్లే, అత్తగారున్నారుగా."

కోమల్ వంగి ఆ రెండు పాదాలూ పట్టుకుంది. పట్టుకున్నది ఇక లేవలేదు. ముసుగు లోపల భుజాలు కదిలిపోతున్నాయి. వెక్కిళ్ళు బయటికి వినబడుతున్నాయి.

"అయ్యో అయ్యో! ఇదేం విడ్డూరమే? కుమ్మరి నాథీ కాళ్ళు పట్టుకుని ఏడుస్తుందేం ఈ పిల్ల?" అంది బిర్దీ కాకీ, కళ్ళు చికిలించి ఒకసారి కోడలినీ ఒకసారి అత్తనీ చూస్తూ.

చంద్రకాంత గబుక్కున ముందుకొచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి, వెంటనే చెప్పాలి. చెప్పేసింది.

"ఏం లేదు కాకీ. పెద్దింటి పిల్ల కదా, కుమ్మరి కాళ్ళు ముట్టుకోమంటే మనసొప్పక ఏడుస్తోంది. అలవాటైపోతుందిలే."

గొల్లుమని నవ్వారందరూ. ఆ నవ్వులో నాథీ మెల్లగా తన పాదాలు వెనక్కి లాక్కుంది. మనవరాలి వేళ్ళ మధ్యనుంచి, ఒక్కొక్కటే విడిపించుకుంటూ.

"నిజమే తల్లీ. మట్టి కాళ్ళు ఇవి," అంది నవ్వుతూనే. "దూరం నుంచి దణ్ణం పెట్టుకో. అమ్మ కాదనదు."

కోమల్ లేచి పక్కకి వెళ్ళి నిలబడింది. అత్తవైపు చూడలేదు. చూసి ఉంటే, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చంద్రకాంతకి. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియలేదు. ఎంత తేలిగ్గా వచ్చింది! నాలిక తడబడనైనా లేదే!

"కానీ చంద్రా, కథ చెప్పు, ఎండ ముదురుతోంది," అన్నారెవరో.

ఏటా కథ చెప్పేది చంద్రకాంతే. ఆమె గొంతు బాగుంటుందని పేరు. ఆడవాళ్ళందరూ గుప్పెట్లో గింజలు పట్టుకుని కూర్చున్నారు. కథ పూర్తయితే గానీ గింజలు వదలకూడదు, చోటునుంచి లేవకూడదు. చంద్రకాంతా గింజలు తీసుకుని మొదలుపెట్టింది. ఆ కథ ఆమెకి నిద్రలో లేపినా వస్తుంది.

"అనగనగా ఒకనాడు శీతలమ్మ, నన్ను కొలిచేవాళ్ళు భూమ్మీద ఎవరున్నారో చూద్దామని ముసలమ్మ వేషంలో ఈ దేశానికొచ్చింది. వీధిలో నడుస్తూ ఉంటే మేడమీదినుంచి ఒకావిడ కుతకుత ఉడికే గంజి కిందికి పారబోసింది. గంజి అమ్మ నెత్తిన పడింది. ఒళ్ళంతా బొబ్బలు. మంట, మంట అని ఏడుస్తూ అమ్మ ఇంటింటికీ తిరిగింది. కాస్త చల్లటి నీళ్ళు పొయ్యండమ్మా అని ప్రతి తలుపూ తట్టింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఊరి చివర కుమ్మరావిడ మాత్రం..."

చంద్రకాంత ఆగింది.

ముప్పై రెండేళ్ళుగా ఈ కథ చెబుతూ, ఆ కుమ్మరావిడ దయకి తను కన్నీళ్ళు పెట్టుకుంటూనే ఉంది. కథలో తను ఎప్పుడూ ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నట్టు అనుకునేది. మేడమీది ఆవిడ ఎవరో, ఏ కులమో, ఏమనుకుని గంజి పారబోసిందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇవాళ తెలిసింది. ఆవిడేం రాక్షసి కాదు. ఇల్లు శుభ్రంగా ఉండాలనుకున్న మామూలు ఇల్లాలు. నలుగురిలో పరువు చూసుకునే మనిషి. సిగ్గుతో చంద్రకాంత చెవులు మండిపోయాయి.

"ఏమ్మా, మర్చిపోయావా? కుమ్మరావిడ మాత్రం రా తల్లీ, కూచో అంది," అని అందించింది బిర్దీ కాకీ.

"మర్చిపోలేదు కాకీ." చంద్రకాంత గుప్పిట మూసే ఉంచింది. "ఈ పిల్ల మనవాళ్ళ పిల్ల కాదు. ధాన్యం వ్యాపారం అదీ అంతా అబద్ధం. ప్రజాపత్‌ల పిల్ల. ఈ నాథీ కూతురి కూతురు. తెలిసే చేసుకున్నాం. చేసుకుని మీకందరికీ అబద్ధం చెప్పాను. అది ఏడ్చింది కాళ్ళు ముట్టుకోలేక కాదు. నాలుగు నెలలుగా అమ్మమ్మని చూడనివ్వలేదు నేను. ఇందాక నేనన్న మాట... ఆ మాట అన్న నోరు పడిపోవాలి."

ముందుగా తేరుకున్నది బిర్దీ కాకీయే.

"హే రామ్! అయితే మొన్న మా మనవడి బారసాలకి వచ్చి లడ్డూలు చుట్టింది..."

"చుట్టింది. నువ్వు నాలుగు తిన్నావు. చెయ్యి మంచిదన్నావు."

"మమ్మల్నందర్నీ వెధవల్ని చేశావన్నమాట!"

"చేశాను కాకీ."

ఎవరూ సర్దిచెప్పలేదు. ఇద్దరు ముగ్గురు ముఖాలు తిప్పుకున్నారు. గింజలు చేతిలో ఉండబట్టి లేవలేకపోయారు గానీ, లేకపోతే అప్పుడే వెళ్ళిపోయేవాళ్ళు. అందరికంటే ఎక్కువ మండిపడ్డది నాథీ.

"ఎందుకు చెప్పారు సేఠాణీజీ? ఎవరడిగారు మిమ్మల్ని? నేను కడుపులో పెట్టుకుని మోస్తున్నానుగా! రేపు వీధిలో దీన్ని ఎవరేమంటే మీరు అడ్డం పడతారా?"

"పడతాను." ఆ మాట నమ్మకంగా రాలేదు. చంద్రకాంత లేవకుండానే జరిగి నాథీ ముందుకొచ్చింది. పాదాలు పట్టుకోబోతే నాథీ మళ్ళీ వెనక్కి లాక్కుంది. ఈసారి నవ్వలేదు. అందరి ముందూ చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. అది తనకి తగిన శాస్తే అనుకుంది చంద్రకాంత.

"మిగతా కథ నువ్వే చెప్పు నాథీ. మీ ఇంటి కథ. నాకు నోరు రావడం లేదు," అంది.

నాథీ చాపమీద పక్కకి జరిగింది. తరవాత కోమల్‌ని చేత్తో పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ముసుగు పైకెత్తి, చెంపలు తుడిచింది.

"ఇన్నేళ్ళలో నన్నెవరూ చెప్పమనలేదు. మా ఇళ్ళల్లో ఈ కథ మీరు చెప్పినట్టు ఉండదు," అంది. "మా అత్త నాకు చెప్పింది. అమ్మ వచ్చి తలుపు తట్టినప్పుడు కుమ్మరావిడ కూడా మొదట తియ్యలేదట. ఎవరో ఏమో, నాకెందుకొచ్చిన గొడవ అని లోపల నక్కి కూచుందట. అమ్మ వెళ్ళిపోయింది. పది అడుగులు పోయాక ఈవిడకి సిగ్గేసింది. పరుగెత్తుకెళ్ళి, వీధిలోకి పోయి, చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చుకుంది. నీళ్ళు పోసింది, చద్ది రాబ్డి తాగించింది. అమ్మ కోపానికి ఊరంతా కాలిపోయినా ఆ ఇల్లు కాలలేదు. మొదట తియ్యలేదు కదా అని అమ్మ అడగలేదు. అంతే మా కథ. అమ్మ ఆ ఇంటిని చల్లగా చూసినట్టే అన్ని ఇళ్ళనీ చల్లగా చూడాలి. గింజలు వెయ్యండి."

అందరూ గింజలు వేశారు. కొందరు నాథీ కాళ్ళకి మొక్కి వెళ్ళారు, కొందరు రాళ్ళకి మాత్రం మొక్కి వెళ్ళారు. చంద్రకాంత కదల్లేదు.

"మాతో ఇంటికి రా. పిల్లతో కలిసి చద్దన్నం తిను," అంది.

"ఇవాళ రాను. ఇవాళ నేను అమ్మ మనిషిని, ఎవరైనా పీట వేస్తారు. రేపొస్తాను. రేపు నేను ఉత్త నాథీని."

ఇంటికొచ్చాక దీపేశ్‌కి కోమల్ జరిగిందంతా చెప్పింది. వాడు తల్లి దగ్గరికొచ్చి నిలబడి, "నేను చెప్పాల్సిన మాట మమ్మీ అది. నాకు నోరు లేకపోయింది," అని గోడకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చంద్రకాంత వాణ్ణి ఓదార్చలేదు. తననే ఎవరూ ఓదార్చకూడదనిపించింది.

మర్నాడు పది గంటలకి నాథీ వీధి మలుపు తిరిగింది. నెత్తిమీద కొత్త కుండ. మనవరాలి అత్తవారింటికి మొదటిసారి ఉత్త చేతులతో ఎవరొస్తారు? నడివీధిలో, మెల్లగా, కడియాలు చప్పుడు చేసుకుంటూ వస్తోంది. అరుగుమీద బిర్దీ కాకీ, కిటికీల్లో మిగతా వీధి.

గుమ్మంలో నిలబడ్డ చంద్రకాంతకి ఆ క్షణంలో ఒక ఆలోచన వచ్చింది. వెనక సందులోంచి వచ్చి ఉండొచ్చు కదా అని. అంత సిగ్గుపడ్డాక, అంతమంది ముందు అన్ని మాటలు చెప్పాక కూడా వచ్చింది. తన మనసుని చూసి తనకే రోత పుట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, వీధిలోకి నడిచి, నాథీ చెయ్యి పట్టుకుంది.

"రండమ్మా. లోపలికి రండి," అంది, బిర్దీ కాకీకి వినబడేలా.

నాథీ ఆమె ముఖంలోకి చూసింది. "ఏడుస్తున్నారెందుకు సేఠాణీజీ? జనం చూస్తున్నారనా?"

"అవును," అంది చంద్రకాంత. ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఇంకా సిగ్గుగానే ఉంది. సిగ్గుపడుతున్నందుకు ఇంకా సిగ్గుగా ఉంది."

"పోన్లెండి, అదైనా ఉంది. ముందు ఈ కుండ అందుకోండి, నా మెడ విరిగిపోతోంది."

చంద్రకాంత రెండు చేతులా కుండ అందుకుంది. వీధి వీధంతా చూస్తూ ఉండగా నెత్తిన పెట్టుకుని, నాథీని ముందు నడవనిచ్చి, తను వెనకాలే లోపలికి నడిచింది.